రా ఎపిసోడ్‌లో ఏది పండింది, ఏది తేలిపోయింది: చూసి రాసే పద్ధతి

వారం వారం వచ్చే డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లింగ్ షో "రా" చూసి "ఈ వారం అదిరింది" అనో "ఈ వారం చప్పగా ఉంది" అనో అనడం తేలికే. ఏ సెగ్మెంట్ ఎందుకు పండింది, ఏది ఎందుకు తేలిపోయిందో విడదీసి రాయాలంటే మాత్రం చూసే తీరు కొంచెం మార్చుకోవాలి. ముందుగా వదులుకోవాల్సిన అలవాటు ఒకటుంది: మనవాడు ఓడిపోయాడని దాన్ని "లో"గా, అంటే తేలిపోయినదిగా, రాసేయడం (పండినది "హై"). ఇది క్రీడాపోటీ కాదని 1989లోనే విన్స్ మెక్‌మాన్ కంపెనీ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) న్యూజెర్సీ చట్టసభకు చెప్పుకుంది. పద్యనాటకానికి వెళ్లేవాడికి దుర్యోధనుడి తొడ విరుగుతుందని తెలియదా? తెలిసే వెళ్తాడు, పడకసీన్ పద్యానికి వన్స్‌మోర్ కొట్టి వస్తాడు. ఇక్కడా చూడాల్సింది అదే: అనుకున్న పని రింగులో జరిగిందా, ఆ మనిషి వచ్చినప్పటి కంటే వెళ్లేటప్పుడు జనం దృష్టిలో పెరిగాడా, తరిగాడా.

రా మామూలుగా అమెరికా తూర్పు తీరంలో సోమవారం రాత్రి 8కి మొదలవుతుంది. మనకది మంగళవారం ఉదయం 5:30. అక్కడ గడియారాలు వెనక్కి జరిపే నవంబర్ నుంచి మార్చి దాకా 6:30. 2025 జనవరి 6 నుంచి షో నెట్‌ఫ్లిక్స్‌లో వస్తోంది, మన దేశంలో ఆ ఏడాది ఏప్రిల్ నుంచి. లైవ్‌గా చూడలేకపోతే చూసేదాకా యూట్యూబ్ తెరవకండి, థంబ్‌నెయిల్ ఒక్కటి చాలు ఫలితం బయటపెట్టడానికి. మొదటిసారి ఆపకుండా చూడండి. రెండోసారి, గుర్తు పెట్టుకున్న చోట్లు మాత్రమే చూడండి.

నోట్‌బుక్‌లో సెగ్మెంట్‌కి ఒక్క లైను చాలు. అందులో నాలుగు సంగతులు ఉండాలి: మొదటి గంట కొట్టినప్పటి నుంచి ముగింపు గంట దాకా ఎన్ని నిమిషాలు, లోపలికి ఎలా వచ్చారు, ఎలా ముగిసింది, జనం ఎక్కడ లేచారు. నిమిషాలు లెక్కపెట్టేటప్పుడు ఎంట్రీని కలపొద్దు. ఎంట్రీ, రీప్లే, పాత వారం వీడియో కలిపి పావుగంట సెగ్మెంట్ నడిచినా, గంట కొట్టాక మూడు నిమిషాలే ఆడి ఉండొచ్చు. 2015 ఫిబ్రవరి 23 రాలో బెల్లా ట్విన్స్ మీద పేజ్, ఎమ్మా ఆడిన ట్యాగ్ మ్యాచ్ అరనిమిషంలో అయిపోయింది. ఆ రాత్రే మహిళలకు అవకాశం ఇవ్వమంటూ ట్విట్టర్‌లో గోల మొదలైంది. అక్కడ తప్పు ఆ నలుగురిదీ కాదు, వాళ్లకిచ్చిన టైముది. లో రాసేటప్పుడు ఇలా ఎవరి ఖాతాలో వేయాలో తేల్చుకోవాలి: ఆడినవాళ్లదా, రాసినవాళ్లదా, టైము పంచినవాళ్లదా.

ఇక మ్యాచ్. టీవీ మ్యాచ్‌కి దాదాపు ఒకటే చట్రం. మొదట హీరో, అంటే ఫేస్, పైచేయి సాధిస్తాడు. హీల్, అంటే విలన్, ఏదో దొంగదెబ్బతో ఆపుతాడు, చాలాసేపు నలుపుతాడు. ఫేస్ తిరగబడతాడు, రెండు మూడు నియర్ ఫాల్స్ (భుజాలు నేలకి అదిమినా రెఫరీ మూడు లెక్కపెట్టేలోపు లేవడం), ఆపైన ఫినిష్, అంటే ముగింపు. యాడ్ బ్రేక్‌కి ముందు ఫేస్ రింగు బయట పడతాడు, బ్రేక్ అయ్యాక చూస్తే మెడపట్టులో ఉంటాడు. ఇది తప్పేమీ కాదు, టీవీకి కుదిరే పద్ధతి. అదే రాత్రి నాలుగు మ్యాచ్‌లూ అచ్చంగా ఇలాగే బ్రేక్‌కి వెళ్తే మాత్రం రాసుకోండి.

నలుపుతున్న భాగంలో కళ్లు దెబ్బ తిన్నవాడి మీద పెట్టండి. కొట్టడం ఎవడైనా కొడతాడు, దెబ్బని నమ్మించడమే పని. దీన్నే సెల్లింగ్ అంటారు. ఐదు నిమిషాలు ఎడమ మోకాలు విరగ్గొట్టించుకున్నవాడు తిరగబడేటప్పుడు తాళ్ల మధ్య పరుగెత్తితే ఆ ఐదు నిమిషాలూ వృథా. పరుగెత్తినా ఆగి కాలు పట్టుకుంటే, లేదా ఎప్పుడూ ఎత్తేవాడిని ఈసారి ఎత్తలేక కుప్పకూలితే, అది హై. పెద్ద దూకుడేమీ లేకపోయినా సరే.

ట్యాగ్ మ్యాచ్‌లో హాట్ ట్యాగ్‌ని, అంటే నలిగినవాడు చివరికి భాగస్వామి చెయ్యి తాకి అతన్ని రింగులోకి దించే ఘట్టాన్ని, దగ్గరగా చూడండి. పడినవాడు మోచేతుల మీద పాక్కుంటూ తన మూలకి వస్తాడు. భాగస్వామి తాడు మీదుగా వంగి చెయ్యి చాస్తాడు. వేళ్లు జానెడు దూరంలో ఉండగా హీల్ కాలు పట్టి వెనక్కి లాగుతాడు. రెండోసారి హీల్ భాగస్వామి అవతలివాడిని మూల నుంచి కిందికి తోసేస్తాడు, చాచిన చేతికి ఎదురుగా ఎవరూ ఉండరు. మూడోసారి చెయ్యి తగులుతుంది. ఈ రెండు అడ్డంకుల్లో హాలు గొంతు పెరుగుతూ పోతే ఆ తర్వాత వచ్చే దెబ్బలు ఎంత మామూలువైనా పండుతాయి. అడ్డంకి ఒక్కటీ లేకుండా చెయ్యి తగిలితే, వచ్చినవాడు ఎంత దుమ్ము రేపినా సగమే.

నియర్ ఫాల్‌లో రెఫరీ చేతిని వదిలేసి భుజాన్ని చూడండి. మొదటిది రెండు దగ్గర లేచి, చివరిది మూడుకి వెంట్రుకవాసిలో లేస్తే మెట్టుమెట్టుగా కట్టినట్టు. ఫినిషర్, అంటే మ్యాచ్ ముగించే ప్రత్యేక దెబ్బ, పడ్డాక కూడా లేవడం ఏడాదికి కొన్నిసార్లు జరిగితే విలువ. మామూలు సోమవారం మ్యాచ్‌లో మూడు ఫినిషర్లకి మూడుసార్లు లేస్తే ఆ ఫినిషర్ ఇక ఒట్టి దెబ్బే.

ముగింపుల్లో నిబంధన తెలిసి ఉండాలి. డిస్‌క్వాలిఫికేషన్‌తోగానీ, రింగు బయట పది అంకెలు అయిపోయిగానీ ఓడితే టైటిల్ చేతులు మారదు. కాబట్టి పిరికి ఛాంపియన్ కావాలని కుర్చీ ఎత్తడం కథకి పనికొస్తుంది, ఒక్కసారైతే. వేరేవాడి ఎంట్రీ పాట మోగగానే అటు తిరిగి, వెనక నుంచి రోలప్‌లో (చుట్టి భుజాలు నేలకి అదిమే పట్టులో) దొరికిపోవడం మాత్రం అరిగిపోయిన రికార్డు. గెలిచినవాడికి పేరు రాదు, ఓడినవాడు తెలివితక్కువవాడిలా మిగులుతాడు. ఒకే షోలో రెండుసార్లు కనబడితే లోలో మొదటి స్థానం దానిదే.

పాట మోగడం ఎలా ఉండాలో, ముగింపు ఎలా ఉండకూడదో ఒక్క రాత్రిలో చూడొచ్చు: 1999 జనవరి 4. రాలో ఛాంపియన్ రాక్ మీద మ్యాన్‌కైండ్ టైటిల్ మ్యాచ్, డిస్‌క్వాలిఫికేషన్ లేదు. రింగు చుట్టూ రెండు ముఠాలు కొట్టుకుంటుండగా అద్దం పగిలిన చప్పుడు. రెజ్లర్ స్టీవ్ ఆస్టిన్ పాట మొదలయ్యేది ఆ చప్పుడుతోనే. హాలు మొత్తం ఒక్కసారిగా లేచింది. ఆస్టిన్ కుర్చీతో రాక్‌ని కొట్టి, మ్యాన్‌కైండ్‌ని అతని మీదికి లాగి వదిలాడు. ఇదీ బయటివాడి జోక్యమే. కానీ ఆస్టిన్‌కి రాక్ మీద పగ ఉంది, ఎన్నాళ్లుగానో దెబ్బలు తింటున్న మ్యాన్‌కైండ్‌కి గెలుపు బాకీ ఉంది. రెండూ ఒక్క దెబ్బలో తీరాయి.

అదే సమయంలో పోటీ ఛానెల్లో ఎదుటి కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూ షో నైట్రో, అట్లాంటాలోని జార్జియా డోమ్ నుంచి లైవ్. రా ముందే రికార్డయింది కాబట్టి, మ్యాన్‌కైండ్ గెలుస్తాడని నైట్రో కామెంటేటర్ టోనీ షియావోనీ ఎగతాళిగా చెప్పేశాడు. అది విని లక్షల మంది ఛానెల్ మార్చారు. ఇక నైట్రో చివర్లో, గోల్డ్‌బర్గ్ బదులు వచ్చిన హోగన్ ఒక్క వేలితో ఛాంపియన్ నాష్ ఛాతీ మీద పొడిచాడు. నాష్ వెల్లకిలా పడి టైటిల్ అప్పగించేశాడు. గోల్డ్‌బర్గ్ మ్యాచ్ అని చెప్పి, అట్లాంటా జనం ముందు, అసలు మ్యాచే ఇవ్వలేదు. ఫలితం సంగతి అలా ఉంచండి, మాటిచ్చి తప్పడమే అక్కడి లో.

ప్రోమోలకి, అంటే మైకు పట్టి మాట్లాడే సెగ్మెంట్లకి, కొలత చిన్నది. మైకు పట్టినవాడు దిగేసరికి ఎవరితో గొడవ, ఎందుకు, ఎప్పుడు తేలుతుంది అన్న మూడూ తెలియాలి. ఇరవై నిమిషాలు మాట్లాడినా ఇవి తెలియకపోతే జోకులు ఎన్ని పేలినా లోనే.

జనం చప్పుడు విషయంలో జాగ్రత్త. టీవీకి వచ్చేది కలిపి పంపిన ధ్వని. కోవిడ్ రోజుల్లో, 2020 ఆగస్టు నుంచి, నడిచిన థండర్‌డోమ్‌లో హాలు ఖాళీ, ముఖాలు తెరల మీద, అరుపులు రికార్డువి. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలిలో డబ్ల్యూడబ్ల్యూఈ షో సూపర్‌స్టార్ స్పెక్టాకిల్‌కి వెళ్లినవాళ్లకి ఇంకో తేడా తెలిసే ఉంటుంది: స్టేడియంలో కామెంటరీ వినపడదు. ఇంట్లో మనకి ఉత్సాహం కలిగించేది సగం కామెంటేటర్ గొంతే. అనుమానం ఉన్న సెగ్మెంట్‌ని సౌండ్ తీసేసి చూడండి, వెనక రెండు వరుసల్లో లేచినవాళ్లు ఎందరో, ఫోన్లలో తల దూర్చినవాళ్లు ఎందరో కనబడుతుంది.

నిజంగా దెబ్బ తగిలితే రెఫరీ రెండు చేతులూ పైకెత్తి ఇంటూ గుర్తు పెడతాడు. నిజమైన గాయాన్ని, నెత్తుటిని హైగా రాయొద్దు. దాన్ని ఆ తర్వాత ఎలా వాడుకున్నారన్నది వేరే సంగతి. 2018 నవంబర్ 12 రాలో నియా జాక్స్ గుద్దుకి బెకీ లించ్ ముక్కు పగిలింది. రౌండా రౌజీతో ఆడాల్సిన మ్యాచ్ పోయింది. అయినా నెత్తుటి ముఖంతో జనం మధ్య నిలబడ్డ ఆ బొమ్మే ఆమెని 2019 రెజిల్‌మేనియా (ఏటా జరిగే అతి పెద్ద షో) ఆఖరి మ్యాచ్ దాకా మోసింది. గుద్దు పొరపాటు, నిలబడటం హై. రెండూ విడిగా రాయాలి.

రాసేటప్పుడు మూడు హైలు, మూడు లోలు అని కోటా పెట్టుకోకండి. ఒక్కో వారం ఒకటే హై ఉంటుంది. "మ్యాచ్ బోర్ కొట్టింది" అన్న వాక్యం పనికిరాదు, "పదకొండు నిమిషాల్లో నాలుగు మెడపట్టులోనే పోయాయి, తిరగబడ్డాక ఒక్క నియర్ ఫాల్ కూడా లేదు" అంటే చదివేవాడికి వాదించడానికైనా ఏదో దొరుకుతుంది. చివరగా పేర్లు, టైటిళ్లు సరిచూసుకుని పోస్ట్ చేయండి. శీర్షికలో గెలిచినవాడి పేరు పెట్టకండి, మంగళవారం డ్యూటీ దిగి రాత్రి అన్నం ముందు కూర్చుని చూసేవాళ్లుంటారు.