నీడతో కాలం, 3వ పాఠం: అరచేతిలో ఇమిడే ఆంగ్బు ఇల్గు

1434లో కొరియా రాజు సేజోంగ్ హన్యాంగ్ (ఈనాటి సియోల్) నగరంలో హ్యేజోంగ్గ్యో వంతెన దగ్గర నిలిపించిన పెద్ద ఆంగ్బు ఇల్గును, అంటే ఆకాశానికి నోరు తెరిచిన కాగు వంటి నీడగడియారాన్ని, గత పాఠంలో చూశాము. 1871లో కాంగ్ గన్ తయారుచేసిన దాని చిన్న రూపాన్ని ఇప్పుడు చదువుదాం. 5.6 సెంటీమీటర్ల పొడవు, 3.3 సెంటీమీటర్ల వెడల్పు గల ఆ రాతిలో ఒక పక్క అర్ధగోళాకారపు గుంట, మరో పక్క దిక్సూచి ఉంటాయి.

ముందుగా రాతిని సమతలంగా ఉంచి, దిక్సూచి ముల్లును బట్టి ఉత్తర దక్షిణాలకు సరిపెట్టాలి. గుంట దక్షిణపు గోడలో నాటిన నీడ సూది ఆకాశపు ఉత్తర ధ్రువాన్ని చూస్తుంది, దాని కొన సరిగ్గా గోళకేంద్రంలో నిలుస్తుంది. ఆకాశంలో సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరిగితే గుంటలో నీడ కూడా అంతే జరుగుతుంది కనుక, బల్లపరుపు గడియారాలలో వలె కాక, ఇక్కడ గంటల గీతలు సమాన దూరంలో ఉంటాయి. రోజుకు 12 'సి'లు, ఒక్కో 'సి'కి రెండు గంటలు. పగలు 11 నుంచి 1 వరకు 'ఓ సి'. 1653 తరువాత రోజును 96 'కాక్'లుగా, అంటే 15 నిమిషాల భాగాలుగా లెక్కించారు. గుంట వ్యాసం 2.8 సెంటీమీటర్లే కనుక ఒక కాక్ కాలంలో నీడ కొన మిల్లీమీటరు కూడా కదలదు. అందుకే దీనిని చేత పట్టుకుని కాక, కదలని చోట పెట్టి చదవండి.

గంట తెలియడానికి సూది నీడ ఏ నిలువు గీత వెంట పడిందో చూస్తే చాలు. ఋతువుకు మాత్రం కొన నీడనే చూడాలి. అడ్డగీతలు 13: అన్నిటికన్నా పైది శీతాకాలపు అయనాంతానిది, కిందిది వేసవి అయనాంతానిది, మధ్యనున్న 11 గీతలు సూర్యుడు వెళ్ళేటప్పుడొకసారి, తిరిగి వచ్చేటప్పుడొకసారి పనికివచ్చి మొత్తం 24 ఋతుభాగాలను చూపుతాయి. నాకు ఈ పనితనంలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే: ఈనాటి తేదీ మీకు తెలుసు కాబట్టి, కొన నీడ ఆ తేదీకి చెందిన గీత మీద పడకపోతే రాతిని సరిగా అమర్చలేదన్నమాట. ఈ పరీక్షను ఉదయమో సాయంత్రమో చేయండి. దిక్కు కొద్దిగా తప్పినా మధ్యాహ్నం నీడ అడ్డగీత వెంటే జరుగుతుంది కనుక ఆ తప్పు బయటపడదు.

అభ్యాసం: హన్యాంగ్‌లో ధ్రువం ఎత్తు (దిగంతం నుంచి ఆకాశ ధ్రువం ఎంత పైన ఉందో చెప్పే కోణం, అంటే ఆ చోటి అక్షాంశం) 37 డిగ్రీల 39 నిమిషాలని ఈ గడియారాల మీద చెక్కేవారు. హైదరాబాదులో అది 17 డిగ్రీలకు కాస్త ఎక్కువ. అదే రాతిని ఇక్కడ వాడాలంటే దక్షిణపు అంచును దాదాపు 20 డిగ్రీలు పైకి ఎత్తాలి. ఎందుకో బొమ్మ గీసి చూడండి.