పులి తిరిగే దిక్కు చేనుకు, తునికాకుకు పొయ్యేటోళ్లు ఏం చూసుకోవాలె

పత్తి ఏరే టైమొచ్చినా తునికాకు టైమొచ్చినా మహారాష్ట్రల మన రాజురా, గోండ్‌పిప్రి, సిరొంచ దిక్కు ఫోన్లల్ల పులి వీడియోలే తిరుగుతయి, అందుల సగం వేరే రాష్ట్రంవి. భయపడొద్దని నేను చెప్పను. 2025 మే నెలల చంద్రపూర్ జిల్లా సిందేవాహి దిక్కు తునికాకుకు పోయిన ముగ్గురు ఆడోళ్లను ఒక్కరోజే పులి చంపింది, 2024 నవంబర్‌ల బార్డర్ అవతల తెలంగాణల కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేన్ల ఒక ఆడబిడ్డ పోయింది. కాకపోతే ఆ భయం ఎప్పుడు, ఎక్కడ పడాల్నో తెల్వాలె.

ముందు పాము సంగతి. మన దేశంల 2000 నుంచి 2019 దాకా పాము కాటుకు దగ్గరదగ్గర 12 లక్షల మంది పోయిన్రు, పులికి పొయ్యేటోళ్లు చానా ఏండ్లల్ల దేశం మొత్తం మీద వంద కూడా దాటరు. అందుకే పులి పులి అనుకుంట చెప్పుల్లేకుండ, టార్చి లేకుండ రాత్రిపూట మోటర్ వెయ్యనీకి పోవుడు మానాలె, కింద పండుకుంటే దోమతెర కట్టాలె, కట్లపాము నిద్రల కరుస్తది, నొప్పి కూడ సరిగ తెల్వది. కరిస్తే మంత్రం కాడికి కాదు, సీదా దవాఖానకే.

ఇగ పులి. మనిషి నిలబడి నడుస్తుంటే చానా పులులు అవే పక్కకు జరుగుతయి. అసలు ప్రమాదం వంగినప్పుడు. పత్తి ఏరేటప్పుడు, తునికాకు తెంపేటప్పుడు, ఇప్పపువ్వు ఏరేటప్పుడు, చెంబు పట్టుకొని కూసున్నప్పుడు మనిషి ఎత్తు తగ్గి నాలుగు కాళ్ల జంతువు లెక్క కనపడ్తడు, పులి వెనక నుంచే వస్తది, మెడనే పడ్తది. అందుకని తెల్లారక ముందు, పొద్దు గూకినంక పనికి పోవద్దు, మేస్త్రీ తొందర పెట్టినా పోవద్దు. గుంపుగ పోయి లోపలికి పోయినంక ఎవరి చెట్టు వాళ్లు పట్టుకుంటే ఆ గుంపుతోని ఏం ఫాయిద లేదు, ఒకరి మాట ఒకరికి వినపడేంత దగ్గర ఉండాలె, ఇద్దరు పని చెయ్యకుండ నిలబడి చుట్టూ చూడాలె. ఆ ఇద్దరి కూలి అందరు పంచుకోవాలె, నా మాటైతే ఇదే, ఒక పూట కూలి తగ్గితే తగ్గనియ్.

పులి ఎదురైతే ఉరకొద్దు, ఉరికితే ఎంటవడ్తది. వంగొద్దు, కూసోవద్దు, నిలబడి దాని దిక్కే చూసుకుంట, గట్టిగ అరుసుకుంట మెల్లగ వెనక్కి రావాలె. చచ్చిన ఎద్దో ఆవో కనపడితే ఫొటో కోసం దగ్గరికి పోవద్దు, పులి పక్క పొదల్లనే ఉండొచ్చు. ఆ కళేబరానికి విషం మందు పెట్టుడు, చేనుకు కరెంట్ తీగ పెట్టుడు అస్సలు వద్దు, ఆ తీగకు మనుషులు, మన గొడ్లే పోతున్నయి.

గుడ్డెలుగు కథ వేరే. అది తిననీకి రాదు, బెదిరి మీద పడ్తది, మొకం, తల చీరేస్తది. ఇప్పచెట్ల కిందికి పొయ్యేటోళ్లు మాట్లాడుకుంట, కట్టె తాటిచ్చుకుంట పోతే అది ముందే తప్పుకుంటది. అయినా మీద పడితే బోర్ల పండుకొని రెండు చేతులు మెడ మీద పెట్టుకోవాలె. చిరుత కుక్కల కోసం ఊర్లకు వస్తది, అందుకే పొద్దు గూకినంక పిల్లలను వాకిట్ల ఒంటిగ ఇడవొద్దు.

ఏదన్న అయితే 1926కు ఫోన్ చెయ్యిరి, మహారాష్ట్ర ఫారెస్టోళ్ల నంబర్. గొడ్డును చంపినా సరే, ఫారెస్టోళ్లు వచ్చి పంచనామ చేసేదాక కళేబరం కదిలించొద్దు, పంచనామ లేకుంటే పరిహారం పైసలు ఆగుతయి.