మొదటి దెబ్బ పడకముందే జనాన్ని పట్టుకోవాలంటే: యాక్షన్ ఓపెనింగ్ సీన్ ఎట్లా రాయాలి, ఎట్లా తీయాలి?

నేను తీసిన మొదటి షార్ట్ ఫిల్మ్ ఫైట్‌తోనే స్టార్ట్ అవుతుంది. చంద్రగిరి అవతల రెండు రోజులు ఎండలో తీసినాం, నాలుగు నిమిషాల ఫైట్, స్లో మోషన్, దుమ్ము లేస్తా ఉంటే ఒకడు గాల్లో తిరిగి పడేది, అన్నీ ఉన్నాయి అందులో. తిరుపతిలో ఫ్రెండ్ వాళ్లింట్లో ఇరవై మందిని కూర్చోబెట్టి వేసినాను, నేను మాత్రం స్క్రీన్ చూడకుండా వాళ్ల మొహాలే చూస్తా నిలబడినా. నిమిషం కూడా కాలేదు, ఒకరు ఫోన్ తీసినారు, ఆ తర్వాత పక్కనున్నోళ్లు. అంతా అయిపోయినాక ఫ్రెండ్ వాళ్ల అవ్వ ఒకే మాట అడిగింది, "వాళ్లు దేనికి కొట్టుకుంటా ఉండారు నాయనా?" అని.

ఫైట్ బాగానే ఉంది, కానీ దేనికో తెలీనప్పుడు ఎవరి పక్షాన నిలబడాలో చూసేవాళ్లకి ఎట్లా తెలుస్తుంది? అప్పటినుంచి నేను ఓపెనింగ్ సీన్లు చూసే పద్ధతే మారిపోయింది. జనం దెబ్బల కోసం కూర్చోరు, ఏదో ఒకటి ఏమవుద్దో అని తెలుసుకోవడానికి కూర్చుంటారు, ఆ "ఏమవుద్దో" అనేది మొదటి నిమిషంలో వాళ్ల మనసులో పడిందంటే ఫైట్ రొంత అటూ ఇటూ అయినా క్షమించేస్తారు. కింద చెప్పేదంతా దాన్ని ఎట్లా పడెయ్యాలి అనే.

ముందు ఒక్క లైన్ రాయండి

స్క్రిప్ట్ రాసేముందు, ఫైట్ మాస్టర్‌తో మాట్లాడేముందు, కాయితం మీద ఒకే ఒక్క లైన్ రాయండి. అందులో మూడు ఉండాలి: వీడికి ఏం కావాలి, ఎంత టైముంది, దొరక్కపోతే ఏం పోతుంది.

నేను ఈ మధ్య రాసుకున్న సీన్ ఒకటి చెప్తా, చివరిదాకా దాన్నే పట్టుకుని పోదాం. జూన్ నెల, చిత్తూరు బయట మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. గేటు కాడ్నుంచి రోడ్డు మలుపు దాకా తోతాపురి కాయల ట్రాక్టర్లు లైన్ కట్టి ఉన్నాయి, రాత్రి ఒంటిగంట. ఇరవై ఏళ్ల పిల్లోడు, వాళ్ల నాయనతో రెండు రోజుల్నుంచి ఆడే పడిగాపులు. నాయన ట్రాలీ కింద గోనెపట్టా పరుచుకుని నిద్రపోతా ఉండాడు, లోడు దించే వరస నంబరున్న టోకెన్ పిల్లోడి జేబులో ఉంది. దాన్ని ఎవడో కొట్టేస్తాడు. గేటు కాడ మైకులో నంబర్లు పిలుస్తా ఉండారు, వీళ్ల నంబరుకి ఇంకా ఆరు ఉన్నాయి. లైన్ ఇది: "నంబర్ పిలిచేలోపు టోకెన్ వెనక్కి తెచ్చుకోవాలి, లేదంటే ఏడాది కష్టం ట్రాలీలోనే కుళ్లిపోద్ది."

మన జిల్లాలో మామిడి సీజన్ చూసినోళ్లకి ఇంకో ముక్క చెప్పే పనిలేదు, చూడనోళ్లకి కూడా ఈ లైన్ చాలు. బాంబులు, కోట్ల డబ్బు, దేశం మునిగిపోవడం లాంటివి ఓపెనింగ్‌కి అక్కర్లేదు, పోయేది చిన్నదైనా అది ఆ మనిషికి ప్రాణంతో సమానం అని తెలిస్తే సరిపోతుంది.

2015లో వచ్చిన 'బాహుబలి' ఓపెనింగ్ గుర్తు తెచ్చుకోండి. శివగామి వీపులో బాణం, చేతుల్లో పసిబిడ్డ, వెనక సైనికులు. ఆమె నదిలో మునిగిపోతా కూడా బిడ్డని పట్టుకున్న చెయ్యి మాత్రం నీళ్ల పైన ఉంచుతుంది. ఆ టైముకి మనకి మాహిష్మతి గొడవ ఏమీ తెలీదు, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలీదు, కానీ బిడ్డ బతకాలి అని హాలు మొత్తం అనుకుంటుంది. నీళ్ల పైన ఒక చెయ్యి, ఒకే బొమ్మ. మీ సీన్లో అట్లాంటి బొమ్మ ఏదో వెతకండి. నా సీన్లో అది చెమటకి తడిసి మడతలు పడిన టోకెన్ కాయితం.

దెబ్బని ఆలస్యం చేయండి

ఇది నేను సినిమాల్లో కంటే ముందు మా చిత్తూరు పల్లెల్లో చూసినా, అప్పుడు అర్థం కాలేదంతే. ద్రౌపదమ్మ గుడుల కాడ భారతం పెడతారు కదా, పగలు హరికథ, రాత్రి వీధినాటకం. వేషగాడు నేరుగా వచ్చి నిలబడడు. ఇద్దరు తెర పట్టుకుంటారు, వెనకనుంచి గజ్జెల చప్పుడు వినిపిస్తుంది, గొంతు వినిపిస్తుంది, తెర పైన కిరీటం కొస మెరుస్తుంది, కింద పాదాలు కనిపిస్తాయి, ముందు కూర్చున్న పిలకాయలు మెడలు సాచి చూస్తా ఉంటారు, అంతసేపు ఆపి ఆపి అప్పుడు తెర తీస్తారు. మన సినిమాల్లో హీరో ఎంట్రీకి ముందు కాలు, తర్వాత చెయ్యి, తర్వాత వెనకనుంచి వీపు చూపిస్తారే, ఆ పని ఈ తెర ఎప్పట్నుంచో చేస్తా ఉంది.

దానికంటే నాకు అదే భారతంలో వచ్చే అర్జున తపస్సు ఇంకా ఇష్టం. ఊరి బయట అంత పొడుగు మాను పాతుతారు, అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుకుంటా ఒక్కో మెట్టు ఎక్కుతా పోతాడు, కింద వేలమంది తలెత్తి చూస్తా ఉంటారు. ఒక్క దెబ్బ లేదు, విలన్ లేడు. ఒక మనిషి, ఒక మాను, పైకి చేరతాడా లేదా. గంటలు గంటలు జనం ఎండలో కదలరు. ఓపెనింగ్ సీన్ రాసేవాళ్లు ఒక్కసారైనా పోయి ఆ జనం మధ్యలో కూర్చుని చూడాలి, మాను మీద ఉన్న ఆయన్ని కాదు, చూసేవాళ్లని.

ఇదే విషయాన్ని సస్పెన్స్ సినిమాల డైరెక్టర్ హిచ్‌కాక్ టేబుల్ కింద బాంబు అని చెప్పినాడు. ఇద్దరు మాట్లాడుకుంటా ఉంటే ఉన్నట్టుండి బాంబు పేలితే మనకి పదిహేను సెకన్ల ఉలికిపాటు, అదే బాంబు ఆడ ఉందని మనకి ముందే చూపించి వాళ్లకి తెలీకుండా మాట్లాడనిస్తే పదిహేను నిమిషాల టెన్షన్. కాబట్టి నా సీన్లో టోకెన్ పోయినాక పిల్లోడు జేబులు తడుముకునే షాట్‌తో మొదలుపెట్టలేదు. పిల్లోడు టీ తాగుతా వేరేవాళ్లతో మాట్లాడతా ఉంటాడు, వెనకనుంచి ఒక చెయ్యి అతని జేబు దగ్గరికి వస్తుంది, అది మనం చూస్తాం, అతను చూడడు. మైకులో నంబర్ వినిపిస్తుంది. చూసేవాళ్లు లోపల్లోపలే "రేయ్ ఎనక్కి చూడరా" అనుకుంటారు, అప్పటికే వాళ్లు మీ చేతిలో ఉన్నట్టు.

చోటు అర్థమయ్యేలా చూపించండి

ఫైట్ మొదలైనాక ఎవడు యాడుండాడో తెలీకపోతే ఎంత పెద్ద ఫైట్ అయినా తలనొప్పే. అందుకే దెబ్బలకి ముందే చోటంతా ఒకసారి తిప్పి చూపించాలి, అదీ కథలో భాగంగానే. పిల్లోడు టీ కోసం తన ట్రాక్టర్ నుంచి బంకు దాకా నడిచే ఒకే షాట్లో గేటు, మైకు, ఖాళీ క్రేట్ల గుట్ట, టార్పాలిన్ తాళ్లు, రోడ్డు పక్క కాలవ అన్నీ వచ్చేస్తాయి. తర్వాత ఆ క్రేట్లే పడతాయి, ఆ తాడే కాలికి తగులుతుంది, ఆ కాలవలోనే దొంగ దూకుతాడు. ముందు చూపించని వస్తువు ఫైట్లో చేతికి వస్తే మోసం చేసినట్టు ఉంటుంది.

నేలమీద చాక్‌పీస్‌తో మ్యాప్ గీయండి. ఇద్దరి మధ్య ఒక గీత గీసి కెమెరా ఆ గీతకి ఒకే పక్కన ఉంచండి, అప్పుడు ఎడమవైపు పరిగెత్తేవాడు ప్రతి షాట్లోనూ ఎడమవైపే పరిగెత్తుతాడు. గీత దాటాల్సి వస్తే కెమెరా కదులుతా దాటేది కనిపించనీయండి.

ప్రతి అర నిమిషానికి పరిస్థితి మారాలి

కొట్టడం, పడటం, లేవడం, మళ్లీ కొట్టడం, ఇది ఎంతసేపు నడిచినా ఒకే చోట నిలబడినట్టే. ప్లాన్ వేస్తాడు, అది చెడిపోతుంది, కొత్త దారి వెతుక్కుంటాడు, అది ఇంకో కష్టం తెస్తుంది, ఫైట్ ఇట్లా మెట్లు మెట్లుగా ఉండాలి.

2008 నాటి 'ది డార్క్ నైట్' బ్యాంకు దోపిడీ దీనికి నాకు తెలిసిన మంచి పాఠం. బఫూన్ మాస్కులు వేసుకున్న దొంగల గుంపు, పని అయిపోయిన ఒక్కొక్కణ్ణి పక్కవాడే చంపేస్తా పోతాడు. ఒకడు పోయినప్పుడల్లా మనకి లెక్క మారుతుంది, చివరికి మిగిలేది ఎవడు అనే ప్రశ్న పెరుగుతుంది, మాస్కు తీసేసరికి సినిమాలో అసలు విలన్ జోకర్. దోపిడీ చూపిస్తానే వాడు ఎట్లాంటోడో కూడా చెప్పేసినారు.

1981లో స్పీల్‌బర్గ్ తీసిన 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్' ఇంకో రకం. హీరో బంగారు బొమ్మ తీసి దాని బరువుకి సరిపోయేలా ఇసుక సంచి పెడతాడు, లెక్క తప్పుతుంది, గుడి కూలిపోవడం మొదలవుద్ది, పెద్ద బండరాయి వెంటపడుతుంది. ఇంత కష్టపడి బయటికొచ్చినాక ఆ బొమ్మ శత్రువు లాగేసుకుంటాడు. అంటే ఓపెనింగ్‌లో హీరో ఓడిపోతాడు! మనవాళ్లు హీరోని మొదట్లో ఓడించడానికి భయపడతారు, కానీ ఓడినా లేచే మనిషి మీదనే ప్రేమ పుడుతుందని నేను గట్టిగా నమ్ముతా. ఆ సీన్ చివర్లో అతనికి పాములంటే భయం అని చిన్నగా చెప్పేసి పోతారు, తర్వాత అది పనికొస్తుంది.

నా సీన్లో పిల్లోడు మొదట మంచిగా అడుగుతాడు, దొంగ నవ్వుతాడు. గుంజుకోబోతే దొంగకి తోడుగా ఇంకో ఇద్దరు లేస్తారు. పరిగెత్తితే టోకెన్ కాలవలో పడుతుంది. నీళ్లలో దిగి కాయితం తీస్తే అంకె చెరిగిపోతా ఉంటుంది. ప్రతి మెట్టుకీ మధ్యలో మైకు ఒక నంబర్ పిలుస్తుంది, ఆరు, ఐదు, నాలుగు. గడియారం చూపించే పనే లేదు.

కొట్టే తీరులో మనిషి కనిపించాలి

2022 'ఆర్ఆర్ఆర్'లో రామరాజు ఎంట్రీ చూడండి, అంత పెద్ద గుంపులోకి ఒక్కడే దూకి ఒక్క మనిషిని పట్టుకోవడానికి, ఒళ్లంతా గాయాలైనా ఆ ఒక్కణ్ణి వదలకుండా లాక్కొస్తాడు. డైలాగ్ పెద్దగా లేదు. అనుకున్నది వదలడు అని మనకి తెలిసిపోయింది, అంత చేసినా ప్రమోషన్ అతనికి రాదు, అప్పుడు ఇతనికి ఇదంతా దేనికి అనే కొత్త ప్రశ్న లేస్తుంది. మీ హీరో వేరేవాడు కొట్టినట్టే కొడితే ఆ ఫైట్ ఎవరి సినిమాలోనైనా అతికించొచ్చు, అంటే మీ సినిమాకి అది పనికిరాదని అర్థం. నా పిల్లోడు కొట్లాటలో కూడా కాయల మీద పడకుండా చూసుకుంటాడు, ఒకచోట ట్రాలీ మీదకి తోసే ఛాన్స్ ఉన్నా దొంగని పక్కకే తోస్తాడు. రైతు కొడుకు అని వేరే చెప్పక్కర్లేదు.

షూటింగ్‌కి పోయేముందు

ఫోన్‌తో తీసినా పర్లేదు. మామూలు షాట్లకి సెకనుకి 24 లేదా 25 ఫ్రేములు, షట్టర్ స్పీడ్, అంటే ఒక్కో ఫ్రేము మీద వెలుతురు పడే టైము, సెకనులో 1/50 పెట్టుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అందుకని ట్యూబ్‌లైట్ల కింద తీసేటప్పుడు 1/50 గానీ 1/100 గానీ ఉంటే లైట్ మినుకుమినుకుమనేది తగ్గుతుంది. స్లో మోషన్ కావాలంటే 100 లేదా 120 ఫ్రేముల్లో తీసుకోండి, కానీ మొత్తం సీన్లో ఒకట్రెండు చోట్లే వాడండి, అదీ మనసు మారే క్షణంలో.

గుద్దు నిజంగా తగలక్కర్లేదు, తగలకూడదు కూడా. కొట్టేవాడి భుజం వెనకనుంచి కెమెరా పెడితే పిడికిలికీ మొహానికీ మధ్య జానెడు ఖాళీ ఉన్నా కనిపించదు, దెబ్బ తిన్నవాడు తల ఎప్పుడు తిప్పుతాడు అనే దాంట్లోనే అంతా ఉంది. ముందు సగం స్పీడులో ఇరవై సార్లు రిహార్సల్ చేయండి. అసలు కత్తులు, కొడవళ్లు సెట్‌కి తేవద్దు, అట్టవి రబ్బరువి చాలు. రాత్రి రోడ్డు మీద తీసేటట్టయితే ముందే పోలీస్ స్టేషన్లో చెప్పి పర్మిషన్ తీసుకోండి, చూసేవాళ్లు నిజం గొడవ అనుకుని భయపడతారు. శేషాచలం అడవిలోకి ఫారెస్ట్ వాళ్ల అనుమతి లేకుండా పోవద్దు, తిరుమల మీద డ్రోన్ ఎగరేయడం నిషేధం, ఆ ఆలోచనే పెట్టుకోవద్దు.

సౌండ్ సంగతి

పాపం దీన్ని అందరూ చివరికి వదిలేస్తారు. మొదటి దెబ్బకి ముందు మ్యూజిక్ మొత్తం ఆపేయండి, జనరేటర్ చప్పుడు, కీచురాళ్లు, మైకులో గొరగొర, అంతే. ఆ నిశ్శబ్దంలో పడిన ఒక్క దెబ్బ, బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ మోగుతా పడిన పది దెబ్బలకి సమానం. దెబ్బ సౌండ్ కోసం తడి టవల్ బండ మీద కొట్టండి, పచ్చి మామిడికాయ చితక్కొట్టి రికార్డ్ చేయండి, తెల్లారుజామున నాలుగింటికి ఇంట్లో ఫ్యాను ఆపేసి చేస్తే నీట్‌గా వస్తుంది.

ఎడిటింగ్, ఆ తర్వాత చూపించడం

చెయ్యి కదులుతా ఉండగానే కట్ చేయండి, అప్పుడు కట్ తెలీదు. దెబ్బ మీద కంటే దెబ్బ తిన్న మొహం మీద, చూస్తున్నవాడి మొహం మీద ఎక్కువసేపు ఉండండి. నేను నాయన నిద్రలేచి చూసే షాట్‌ని మూడు సెకన్లు ఉంచినా, ఎడిటింగ్ చేసే తమ్ముడు తీసేద్దాం అన్నాడు, తీసుంటే సీన్ చచ్చిపోయుండేది.

తర్వాత కథ తెలీని ముగ్గుర్ని విడివిడిగా కూర్చోబెట్టి చూపించండి. సరిగ్గా నిమిషం దగ్గర పాజ్ చేసి "వీడికి ఏం కావాలి?" అని అడగండి. చెప్పలేకపోతే ఫైట్ జోలికి పోకుండా ఆ మొదటి నిమిషాన్ని మళ్లీ రాయండి. ఇంకోసారి సౌండ్ లేకుండా వేయండి, అప్పుడు కూడా చెప్పగలగాలి.

టైటిల్ ఎక్కడ పడాలనేది నాకు శానా రోజులు తేలలేదు. మొదటి ప్రశ్నకి జవాబు చెప్పేసి, అదే షాట్లో అంతకంటే పెద్ద ప్రశ్న లేపినాక వేయాలి, రెండు ఒకే ఊపిరిలో జరగాలి. పిల్లోడు తడిసిన టోకెన్‌తో గేటు కాడికి చేరతాడు, మైకులో అతని నంబరే పిలుస్తారు, హమ్మయ్య అనుకుంటాం. కౌంటర్లో కూర్చున్నాయన ఆ కాయితం లైట్ కింద పెట్టి చూస్తాడు, పక్కన పెట్టిన ఇంకో టోకెన్ చూపిస్తాడు. అదే నంబరు. ఆ నంబరు మీద లోడు అంతకుముందే దిగిపోయింది. పిల్లోడు వెనక్కి తిరిగి లైన్లో ఉన్న ట్రాక్టర్లన్నిటినీ చూస్తాడు. అప్పుడు టైటిల్.