హార్స్‌టెయిల్‌ను తొట్టిలో పెంచడం ఎలా?

హార్స్‌టెయిల్ అంటే ఆకులు కనిపించకుండా, కణుపులున్న పచ్చని కాడలుగా నిటారుగా పెరిగే మొక్క.

కావలసినవి: అడుగున చిల్లు లేని సిమెంటు తొట్టి, ఎర్రమట్టి, ఇసుక, గులకరాళ్లు, నర్సరీలో దొరికే ఒక కవరు మొక్క. నల్లరేగడి ఆరితే నెర్రెలిస్తుంది, వద్దు. ఎరువూ వద్దు. విత్తనాలు కొనకండి. ఇది పువ్వే పూయని మొక్క, ఇక విత్తనమెక్కడిది?

జులైలో నాటండి. మట్టీ ఇసుకా సగం సగం కలిపి, వేళ్ల చుట్టూ ఉన్న మట్టిగడ్డ చెదరకుండా పెట్టి నీళ్లు పోయండి. పైన గులకరాళ్లు పరిచి నీళ్లు వాటి కిందే ఉండేలా చూస్తే దోమల టెన్షన్ ఉండదు. యూరప్, ఆసియా, ఉత్తర అమెరికాల్లోని చల్లని చోట్ల వాగు గట్ల మీద పెరిగే మొక్క ఇది. కర్నూలు మే నెల ఎండలో పడమటి గోడ పక్కన పెడితే కొసలు మాడిపోతాయి. పొద్దుటి ఎండ చాలు.

అసలు పని కాడలు గుబురై తొట్టి నిండాక విడదీయడంలో ఉంది. అందరూ చెడగొట్టేది ఇక్కడే. మట్టిలో పసుపు కొమ్ములా పాకే కాండం ఉంటుంది. కణుపున్న చిన్న ముక్క తడి నేల మీద పడినా మొలుస్తుంది. అందుకే గడ్డను పెరట్లో కాదు, మిద్దె మీద పట్టా పరిచి బయటికి తీయండి. పదునైన కత్తితో నాలుగైదు కాడలకు ఒక పిలక చొప్పున కోయండి. లాగి తెంపితే ముక్కలు ఎక్కడ పడ్డాయో తెలీదు.

మిగిలిన చెత్తను కంపోస్టులో వేయకండి, కేసీ కాలువలో అసలే పారేయకండి. తడి ఒండ్రు గట్టు దానికి పుట్టిల్లే. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లో ఈ జాతి మొక్కలు కలుపుగా మారి ఇబ్బంది పెడుతున్నాయి. గడ్డిమందు కొడితే పైకాడ ఎండుతుంది, కింది కొమ్ము మళ్లీ చిగురిస్తుంది. నేలలో నాటి చుట్టూ ప్లాస్టిక్ షీటు పాతితే చాలంటారు కొందరు. షీటు కిందనుంచి దూరిపోతుంది, నా మాట వినండి.

చెత్తను నాపరాళ్ల మీద పరిచి, విరిస్తే పెళుసుగా విరిగేదాకా ఎండబెట్టి కాల్చేయండి. పశువులకు వేయొద్దు. ఇందులోని థయామినేజ్ అనే ఎంజైమ్ విటమిన్ బి1ను నాశనం చేస్తుంది, గుర్రాలకైతే మరీ ప్రమాదం. కాడల్లో సిలికా ఎక్కువ కాబట్టి రెండు ఉంచుకుంటే ఇత్తడి చెంబు తోమడానికి పనికొస్తాయి.