చిన్న పరికరంలో ఎక్కువ ఆర్ఎఫ్ పవర్: సిరామిక్ ఇన్సులేటర్‌ను ఎలా ఎంచుకోవాలి, ఎలా బిగించాలి

వోల్టేజ్ చూసి ఇన్సులేటర్ మందం లెక్కేసి ఊరుకుంటే సరిపోదు. డీసీలో చల్లగా ఉన్న సిరామిక్ ముక్కే ఆర్ఎఫ్‌లో (రేడియో ఫ్రీక్వెన్సీ, అంటే చాలా వేగంగా దిశ మారే కరెంటులో) లోపల్నుంచి వేడెక్కుతుంది. కాబట్టి ముందు ఆ వేడి ఎంతో లెక్క తీయండి. లాస్ టాంజెంట్ (విద్యుత్ శక్తి ఎంత వేడిగా మారుతుందో చెప్పే సంఖ్య) 0.0002 ఉన్న అల్యూమినాలో (అల్యూమినియం ఆక్సైడ్ సిరామిక్) 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర, మిల్లీమీటరుకు 1 కిలోవోల్ట్ ఆర్ఎంఎస్ (ప్రభావ సగటు) విద్యుత్ ఫీల్డ్ ఉంటే, ఘన సెంటీమీటరుకు సుమారు 1.4 వాట్ల వేడి పుడుతుంది. ఫ్రీక్వెన్సీ పదింతలైతే వేడీ పదింతలు, ఫీల్డ్ రెట్టింపైతే వేడి నాలుగింతలు. చిన్న పరికరంలో ఈ వేడి బయటికి పోయే దారి తక్కువ.

మెటీరియల్ విషయానికొస్తే, చాలా పనులకు 99.5 శాతం అల్యూమినా చాలు. వేడి బాగా లాగెయ్యాలంటే అల్యూమినియం నైట్రైడ్ తీసుకోండి, దాని ఉష్ణ వాహకత అల్యూమినా కంటే ఐదారు రెట్లు ఎక్కువ. బెరీలియా (బెరీలియం ఆక్సైడ్) ఇంకా మంచిదే, కానీ దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతింటాయి. పాత పరికరాల్లో తెల్లటి సిరామిక్ కనిపిస్తే అదేంటో తేలేదాకా దయచేసి ఆకురాయి పెట్టకండి, విరగ్గొట్టకండి.

ఇక అసలు సంగతి. ఇన్సులేటర్లు ఎక్కువగా పాడయ్యేది మధ్యలో కాదు, లోహం సిరామిక్‌ను తాకే చోట. ఎంత గట్టిగా బిగించినా ఆ రెంటి మధ్య సన్నటి గాలి పొర మిగులుతుంది, అల్యూమినా పర్మిటివిటీ (గాలితో పోలిస్తే తనలో ఫీల్డ్‌ను ఎన్ని రెట్లు తగ్గిస్తుందో చెప్పే సంఖ్య) 9.5 కాబట్టి ఆ పొరలో ఫీల్డ్ సిరామిక్‌లో కంటే దాదాపు తొమ్మిదిన్నర రెట్లు ఉంటుంది. గాలి మామూలుగా ఓర్చుకునేది మిల్లీమీటరుకు 3 కిలోవోల్ట్‌లే (మరీ సన్నటి పొర కొంచెం ఎక్కువ తట్టుకుంటుంది, అయినా దాన్ని నమ్ముకోవద్దు). అందుకే సిరామిక్ ముఖానికే లోహపు పూత వేయించి, దాని మీద బ్రేజింగ్ (వేరే లోహాన్ని కరిగించి అతికించడం) చేయించండి. పూత అంచు బయటికి కనపడకుండా, గుండ్రంగా తీర్చిన లోహపు రింగు చాటున దాగేలా చూడండి. బ్రేజింగ్‌కి అల్యూమినా పక్కన రాగి కంటే కోవార్ (ఇనుము, నికెల్, కోబాల్ట్ మిశ్రమ లోహం) నయం, అల్యూమినా, కోవార్ దగ్గరదగ్గరగా వ్యాకోచిస్తాయి కాబట్టి పగుళ్లు తక్కువ.

వాక్యూమ్‌లో అయితే మల్టీపాక్టర్ (ఎలక్ట్రాన్లు ఉపరితలాన్ని పదేపదే గుద్ది ఇంకా ఎలక్ట్రాన్లను రాల్చుతూ పెరిగిపోవడం) బెడద ఉంటుంది, దానికి టైటానియం నైట్రైడ్ పూత అతి పలచగా వేయిస్తారు. మందమైతే ఆ పూతే వేడెక్కుతుంది.

బిగించే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, తర్వాత గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి. సిరామిక్ మీద పెన్సిల్‌తో గుర్తులు అసలే పెట్టొద్దు, గ్రాఫైట్ గీత ఆర్క్‌కి (విద్యుత్ మెరుపుకి) తిన్నగా దారి వేస్తుంది.