ఫైబర్ సెన్సర్ రీడింగ్ తేడాగా ఉందా? ముందు ట్యాంకు బయట చూడండి

ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌లో (తీగచుట్టలో) పెట్టి, వెలుతురుతో వేడి కొలిచే ఫైబర్ సెన్సర్ రీడింగ్ కాస్త అటూ ఇటూ అయితే చాలు, సెన్సర్ పోయిందని రాసేస్తారు. దయచేసి అలా రాయకండి. తప్పు చాలావరకు ట్రాన్స్‌ఫార్మర్ నూనె ట్యాంకు గోడకు బయటే ఉంటుంది.

మానిటర్‌లో అంకెల బదులు గీతలు వస్తుంటే

వెలుతురు తిరిగి రావడం లేదన్నమాట. కనెక్టర్ మొన మీద దుమ్మో నూనె తడో ఉంటుంది. లేదా మార్షలింగ్ బాక్స్ (కేబుళ్లన్నీ కలిసే పెట్టె) గ్లాండ్ దగ్గర, అంటే కేబుల్ లోపలికి దూరే చోట, ఫైబర్ మరీ వంగిపోయి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు రాలని గుడ్డతో తుడవండి, బిగుసుకున్న కేబుల్ టై వదులు చేయండి. విప్పే ముందు ఎల్‌సీ (లైన్ క్లియర్, పని చేసేందుకు అనుమతి) తీసుకుని, మానిటర్ ట్రిప్ లింకు (వేడెక్కితే ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆపేసే కనెక్షన్) తప్పక విడదీయండి.

డబ్ల్యూటీఐతో కలవకపోతే

డబ్ల్యూటీఐ (వైండింగ్ టెంపరేచర్ ఇండికేటర్) వైండింగ్‌ను నేరుగా కొలవదు. ట్యాంకులో పైభాగపు నూనె వేడికి సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) కరెంటుతో నడిచే హీటర్ వేడి కలిపి అంచనా చూపిస్తుంది. కొన్ని డిగ్రీల తేడా సహజమే.

వైండింగ్ ఛానల్ (మానిటర్‌లో వైండింగ్ సెన్సర్ రీడింగ్) పై నూనె కంటే చల్లగా చూపిస్తుంటే

అసలు చిక్కు ఇదే. గాలియం ఆర్సెనైడ్ (ఒక సెమీకండక్టర్) మొన ఉన్న సెన్సర్లలో మురికి వల్ల రీడింగ్ మాయమవుతుందే గానీ పది డిగ్రీలు తప్పదు. అంకె నిలకడగా ఉండి నమ్మశక్యంగా లేదంటే, ఫైబర్లు ఒకదాని చోట ఒకటి తగిలించారేమో చూడాలి. సైటులో ట్యాంకు ప్లేటు (ఫైబర్లు బయటికొచ్చే చోటు) నుంచి మానిటర్ దాకా కేబుళ్లు కలిపేటప్పుడు చేతికి అందిన వరసలో పెట్టేస్తుంటారు. లోడు లేనప్పుడు అన్ని ఛానళ్లూ దాదాపు ఒకే వేడి చూపిస్తాయి కాబట్టి కమిషనింగ్‌లో (మొదట వాడకంలోకి తెచ్చేటప్పుడు) ఎవరికీ అనుమానం రాదు. వేసవిలో లోడు పెరిగాకే బయటపడుతుంది. అప్పటిదాకా వైండింగ్ ట్రిప్ వైండింగ్‌కు బదులు నూనె వేడిని చూసుకుంటూ కూర్చుంటుంది. వైండింగ్ తీగకు ఇన్సులేషన్‌గా చుట్టే మామూలు క్రాఫ్ట్ కాగితానికి 98 డిగ్రీలు దాటాక ప్రతి 6 డిగ్రీలకూ వయసు మీరే వేగం రెట్టింపవుతుంది. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దంటున్నాను.

పట్టుకోవడం కష్టం కాదు. ట్రిప్ లింకు తీసి, ప్లేటు దగ్గర ఒక్కో కేబులే విప్పండి. మానిటర్‌లో ఏ ఛానల్‌కు గీతలు వచ్చాయో రాసుకోండి. ఈ పని ఎవరూ చేయరు, టెస్ట్ రిపోర్టు కాపీ చూసి సరే అనేస్తారు.

ట్యాంకు లోపలి వరసను లోడే చెబుతుంది. లోడు ఒక్కసారిగా పెరిగిన రోజు ట్రెండ్ (వేడి మారిన గ్రాఫు) తీయండి. వైండింగ్ నిమిషాల్లో ఎక్కుతుంది, నూనెకు గంటలు పడుతుంది. వైండింగ్ అని పేరున్న ఛానల్ నింపాదిగా నూనెలా పాకుతూ ఉంటే లేబుల్ తప్పు. మానిటర్‌లో పేరు సరిచేయండి, ట్రిప్ ఏ ఛానల్‌కు కట్టారో మళ్లీ చూడండి, డ్రాయింగ్ కూడా దిద్దండి.

సెన్సర్ మొన పాడవడం, లోపలి ఫైబర్ తెగడం అరుదు. స్పేర్ సెన్సర్ ఉంటే దానికి మార్చుకోండి. లేకపోతే ట్యాంకు తెరిచేదాకా ఆ ఛానల్‌ను ట్రిప్ నుంచి తప్పించండి.