చెవిలో మోతతో ధ్యానానికి కూర్చునే ముందు

ఏటా డిసెంబరు 21న ప్రపంచ ధ్యాన దినోత్సవం, ఆ సందర్భంగా చాలామంది కొత్తగా ధ్యానం మొదలుపెడతారు. చెవిలో గుయ్‌మని మోత ఉన్నవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

– మోత ఉన్నట్టుండి ఒక్క చెవిలోనే మొదలై వినికిడి కూడా తగ్గిందా? ధ్యానం పక్కన పెట్టి ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మందు ఎంత తొందరగా పడితే అంత మంచిది, అనాహత నాదం (ధ్యానంలో లోపలినుంచి వినిపిస్తుందని చెప్పే శబ్దం) వినిపిస్తోందనుకుంటూ వారాలు గడిపేస్తే పోయిన వినికిడి తిరిగి రాకపోవచ్చు. గుండె కొట్టుకుంటున్న లయలో మోగినా చూపించుకోవాల్సిందే.

– తలుపులన్నీ బిగించుకుని కూర్చోవద్దు. బయటి చప్పుడు లేకపోతే మోతే పెద్దగా వినిపిస్తుంది. నేనైతే ఫ్యాన్ రెండు మీద పెట్టి, కిటికీ ఓరగా తెరిచి కూర్చుంటాను. వీధిలో స్కూటర్ పోతుంటే మోత దాని వెనక దాక్కుంటుంది, అది మలుపు తిరగ్గానే మళ్లీ బయటికొస్తుంది. రానివ్వండి.

– భ్రామరిలో (తుమ్మెదలా ఝుంకారం చేసే ప్రాణాయామం) చెవులు మూయగానే మోత పెరిగితే, మూయకుండానే చేయండి.

– "తగ్గిందా, తగ్గిందా" అని మాటిమాటికీ చూసుకోకండి, టెన్షనే మిగులుతుంది. ధ్యానంతో ముఖ్యంగా తగ్గేది మోతవల్ల కలిగే బాధ, మోత కాదు.

– పళ్లు బిగబట్టారేమో చూసుకోండి. దవడ బిగిస్తే కొందరికి మోత పెరుగుతుంది.

– మొదట్లో 5 నిమిషాలు చాలు.